చిలక వంకాయైన వైనం

రేడియో ఇంకా అన్ని ఇళ్ళకూ చేరని కాలంలో, ఆదివారం సాయంత్రమైతే చాలు, మా ఆదోనిలో దేవుడికి ఊపిరాడేది కాదు. ఆయన ఉన్నాడా లేడా, ఉంటే మనల్ని కావాలని పుట్టించాడా లేక చేయి జారి పుట్టామా అని పత్తి బజారు మేడమీది రీడింగు రూములో పెద్దలంతా చెమటలు కక్కుతూ తేల్చేవారు. మిగతా రోజుల్లో బావిలో నీళ్ళు ఉంటాయా ఉండవా అన్నది ఎవరికీ తేలేది కాదు గాని, సృష్టి రహస్యం మాత్రం ఆదివారం దీపాలు పెట్టే వేళకు కచ్చితంగా తేలిపోయేది. మళ్ళీ ఆదివారానికి మరో విధంగా తేలేది. ఆ గదిలో నేను ఒక్కసారే మాట్లాడాను. ఆ ఒక్కసారికే నా పెళ్ళి తప్పిపోయేంత పనయింది. డైరీ రాయడం నాకు హైస్కూలు నాటి అలవాటు, ఈ నాటికీ మానలేదు కనుక, ఇది రాయడానికి కూర్చునే ముందు పెట్టె తెరిచి ఆ ఆదివారం పుట వెతికాను. 'ఎండ జాస్తి. మజ్జిగ పులుపు' అని ఉంది. (క్రమశిక్షణ గలవాడు ముఖ్యమైనది తప్ప మిగతాదంతా రాసిపెట్టుకుంటాడని అప్పుడు గ్రహించాను.) కాబట్టి ఇదంతా జ్ఞాపకం మీద రాస్తున్నదే.

నేను అప్పుడు ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేరాను. ఆలూరు, చిప్పగిరి వైపు నుంచి బండ్ల మీద వచ్చే పత్తిని చిటికెడు తీసి, వేళ్ళ మధ్య లాగి, పోగు పొడుగు చూసి రకం చెప్పడం నా పని. నాయన చిన్నప్పుడే పోయాడు. అమ్మ, నేను, మా మంచీ చెడ్డా చూసే చిన్నాయన. మా తాత కాలం దాకా మా ఇంట్లోనూ మగ్గం ఉండేదట. నా కాలానికి దాని మీద అమ్మ కట్టెలు పేర్చేది. ఆ వేసవిలో ఎమ్మిగనూరులో నాకొక సంబంధం చూశారు. చీరలు నేసే ఇల్లు. ఇంటి పెద్ద వరసకు నాకు మామ అవుతాడు. ఊళ్ళో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవారు లేరు, 'చిలకంచాయన' అనేవారు. చిలకలు బారులు తీరిన అంచు ఆ ఇంటి మగ్గం మీద తప్ప ఇంకెక్కడా దిగదని ప్రతీతి.

మేము బస్సు దిగి వెళ్ళేసరికి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు సిద్ధంగా ఉన్నాయి. మామ మాకు పిల్లను చూపించకముందే అంచును చూపించాడు. ఒడిలో చీర పరచుకుని, దాని మీద చెయ్యి ఆనించి ఆ కథ చెప్పాడు.

"మా ముత్తాతకు కలలో ఉరుకుంద ఈరన్నసామి అగుపడినాడు. ఊరికే సెయ్యి సాపినాడు. సేతిలో సిలక. అంతే. ముత్తాత లేసి మొగం గూడా కడుక్కోకుండా మగ్గం ఎక్కినాడు. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా ఒక్క పోగు మారలేదప్పా. ఇది మా తెలివి గాదు. పైవోడు గీసి ఇచ్చిన బొమ్మ."

అమ్మ చీర అంచును కళ్ళకద్దుకుంది. చిన్నాయన కూడా అద్దుకున్నాడు. నా వంతు వచ్చినప్పుడు నేను కూడా అద్దుకోబోయి, దగ్గరగా చూసి, ఆగిపోయాను. పత్తి పోగులు చూసి చూసి నా కళ్ళు అప్పటికే చెడిపోయి ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు కనబడేది. నాకు అక్కడ చిలక కనబడలేదు. గుండ్రటి ఒళ్ళు, పైన కుచ్చులాంటి తొడిమ. నిగనిగలాడే వంకాయ. ఒకటి కాదు, అంచు పొడుగునా వంకాయలే. అయినా అద్దుకున్నాను. (పెళ్ళిచూపులకు వెళ్ళినవాడు కూరగాయలను కూడా గౌరవించాలి.)

తర్వాత మగ్గం చూపిస్తానని లోపలికి తీసుకుపోయాడు. అక్కడ అమ్మాయి పని చేసుకుంటోంది, పక్కనే వాళ్ళ అవ్వ, అంటే మామ తల్లి, గోడకు ఆనుకుని వక్క నములుతోంది. ఆ ఇంటి పద్ధతి ఏమిటంటే, అంచులో బొమ్మ రావడానికి ఏ వరసలో ఏ దారం లేవాలో మగ్గం పైన ముడులు కట్టి ఉంచుతారు. కొన్నేళ్ళకు ఆ ముడులు అరిగి తెగిపోతాయి. అప్పుడు ఇంట్లో ఉన్న చీర ఒకటి ముందర పెట్టుకుని, దాన్ని చూసి మళ్ళీ కడతారు. నేత మగవాళ్ళది, ముడులు ఆడవాళ్ళవి. ఇంతలో నూలు కోసం ఎవరో పిలిస్తే మామ బయటికి పోయాడు. అవ్వకు చెవుడని చెప్పి ఉన్నారు కాబట్టి నేను ధైర్యం చేశాను.

"ఇది చిలకేనా?"

అమ్మాయి తల ఎత్తలేదు. ముడి బిగిస్తూనే చెప్పింది. "వంకాయ. మా నాయన కాడ అనొద్దండి."

"ఎవరు మార్చారు?"

"ఎవురూ మార్సలేదు. తెగినప్పుడల్లా సీర సూసి కడతాం కదా. సూసి కట్టేటప్పుడు ఒక ముడి అటో ఇటో పడుతుంది. మా అవ్వ కట్టినప్పుడు ముక్కు పాయెనంట. మాయమ్మ కట్టినప్పుడు తోక పాయె. ఎవురూ పనిగట్టుకోని సేయలేదు, అదే అట్లయింది."

వాకిట్లో మామ దగ్గు వినిపించింది. అమ్మాయి నోరు మూసుకుంది. నేను చాలా శ్రద్ధగా పైకప్పు చూశాను. తిరుగు బస్సులో అమ్మ "పిల్ల ఎట్లుందిరా" అని అడిగితే, ఆ తండ్రి ఇంట్లోనే కూర్చుని వంకాయను వంకాయ అనగలిగిన అమ్మాయి మళ్ళీ దొరకదని నాకు తోచింది గాని, "బాగుంది" అని మాత్రం అన్నాను. మామకు కూడా నేను నచ్చాను. ఆయనకు నా జీతం, నా చదువు ఏవీ పట్టలేదు. నేను శనివారం ఉపవాసం ఉంటానని, శ్రావణంలో ఉరుకుందకు నడిచిపోతానని చిన్నాయన చెప్పగానే తొడ మీద చరుచుకున్నాడు. "సదువుకున్న పిల్లోల్లకు దేవుడంటే బయం ల్యాకుండా పోతాంది. బయం ఉంటే సాలు, మిగిలినవన్నీ అవే వస్తాయి" అన్నాడు. అమావాస్య పోయినాక తాంబూలాలు అనుకున్నారు.

అమావాస్యకు ముందే ఆదివారం వచ్చింది.

రీడింగు రూమును నడిపేది ఒక ముసలి ప్లీడరుగారు. ఏ మాటకైనా ముందు "పాయింటేమంటే" అనేవారు కనుక ఆయన్ని పాయింటు వకీలు అనేవాళ్ళం. చర్చలకు ఆయన ఒక నియమం పెట్టారు. ఎవరు ఏ పక్షం మాట్లాడాలో చీటీలు తీసి నిర్ణయించాలి. తాను నమ్మినదాన్ని వాదించేవాడికి వాదన రాదు, కోపం వస్తుంది అని ఆయన అనుభవం. ఆ వారం విషయం, ప్రకృతిలో జీవులు ఒకదాని నుంచి ఒకటి మారుతూ వచ్చిన తీరు చూస్తే వెనక బుద్ధిగల కర్త ఒకడున్నాడని తేలుతుందా తేలదా అన్నది. నా ప్రత్యర్థి హైస్కూలు పంతులుగారు. నస్యం పట్టనిదే పద్యం ఎత్తుకోరు కనుక పొడుం పంతులుగారు. ఆయనకు దేవుడంటే బొత్తిగా నమ్మకం లేదు. గుడి ముందు నుంచి పోవలసి వస్తే ఎదురుగా ఉన్న సైకిలు షాపును చూస్తూ పోయేవారు. ఆయనకు 'తేలుతుంది' చీటీ వచ్చింది. శనివారం ఉపవాసం ఉండే నాకు 'తేలదు' వచ్చింది. ఇద్దరం ఒకరి చీటీ ఒకరు ఆశగా చూసుకున్నాం. వకీలుగారు మార్చనివ్వలేదు. "పాయింటేమంటే, దేవుడుంటే ఈ చీటీలు ఆయనే తీసుంటాడు. లేకుంటే ఎవరికీ బాధ లేదు" అన్నారు.

ఆదివారం పొద్దున ఈరన్నస్వామి పటం ముందు ఎక్కువసేపు నిలబడ్డాను. "సామీ, ఇది చీటీల వ్యవహారం. మనసులో పెట్టుకోవద్దు" అని విన్నవించాను. ఆయన పెట్టుకోలేదేమో గాని, అదే రోజు మామ నూలు కొనడానికి ఆదోనికి వచ్చాడు. పత్తి బజారులో చిన్నాయన ఎదురుపడ్డాడు. చిన్నాయనకు చర్చ సంగతి సగమే తెలుసు. ఆ సగాన్నే గర్వంగా చెప్పాడు. "సాయంత్రం మావోడు దేవుని మింద మాట్లాడతాండాడు. పెద్దపెద్దోల్లు వస్తారు. నువ్వూ రాన్నా, నీ అల్లుడే కదా." మామ స్నానం చేసి, విభూతి పెట్టుకుని మరీ వచ్చాడట. నాకు తెలియదు. గదిలో వెనక బెంచీల దగ్గర దీపం వెలుగు అందేది కాదు.

ముందు పంతులుగారు లేచారు. దేవుడు లేడనేవాళ్ళు దేవుణ్ణి ఎంత బాగా పొగడగలరో ఆ రోజు విన్నాను. ఎద్దుకు మూపురం ఎందుకుంది, కాడి జారకుండా. మేకకు నాలుగు కాళ్ళెందుకు, ఎండిపోయిన గుట్టలెక్కి మనకు పాలు తేవడానికి. మనిషి ముక్కుకు రెండు రంధ్రాలెందుకు, ఒకటి ఊపిరికి, రెండవది (ఇక్కడ డబ్బీ తీశారు) ఇందుకు. జనం విరగబడి నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "అయ్యా, ఒక చీర చూస్తాం. అంచు, కొంగు, వరసగా బొమ్మలు. ఇది దానంతటదే అయిందని ఏ పిచ్చివాడైనా అంటాడా? నేసినవాడు కనబడకపోయినా ఉన్నాడంటాం. మరి ఆకు మీది ఈనెలు చూసి, నెమలి తోక చూసి, ఆ మాటెందుకు అనం?" చివరి బెంచీలో ఎవరో గట్టిగా "అట్ల సెప్పప్పా" అన్నారు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించింది గాని, అప్పటికే వకీలుగారు నా పేరు పిలిచారు.

లేచి నిలబడ్డాను. కాలేజీలో చదివినదంతా వరసగా సిద్ధం చేసుకుని వచ్చాను. 'అధ్యక్షా' అన్న తర్వాత ఒక్క ముక్క గుర్తు రాలేదు. మనుషులకూ కోతులకూ పూర్వీకులు ఒకరే అన్నది మాత్రం గుర్తొచ్చి చెప్పాను, ఎవరికీ నచ్చలేదు. నీళ్ళు తాగాను. గ్లాసు దించేలోగా పంతులుగారి చీర నా కళ్ళ ముందు ఆడింది. దాని అంచు కూడా ఆడింది. ఇక ఆగలేదు.

"పంతులుగారు చీర సంగతి తెచ్చారు. సంతోషం. ఎమ్మిగనూరులో ఒక ఇంట చిలక అంచు నేస్తారు. దేవుడు కలలో ఇచ్చిన చిలక అని, ఒక్క పోగు మారలేదని చెప్తారు. నేను దగ్గరగా చూశాను. అది వంకాయ." గది ఒక్కసారి ఘొల్లుమంది. నాకు ధైర్యం వచ్చింది. ముడుల సంగతి చెప్పాను. చూసి కట్టేటప్పుడు చిన్న తప్పు పడుతుంది. కొన్ని తప్పులు బొమ్మను పాడుచేస్తాయి, ఆ చీర అమ్ముడుపోదు, ఆ ముడులు విప్పేస్తారు. కొన్ని తప్పులు నప్పుతాయి, అవి నిలుస్తాయి. మళ్ళీ తెగినప్పుడు ఆ తప్పునే ఒప్పుగా చూసి కడతారు, దాని మీద ఇంకొక తప్పు పడుతుంది. నలుగురు అవ్వల కాలం గడిచేసరికి చిలక వంకాయ అయింది. "ఈ వంకాయను గీసినవాడెవరు? ఎవరూ లేరు. చిలకలు గీసే ఇంట్లో, వంకాయ గీయాలని ఒక్కరూ అనుకోకుండా, వంకాయ పుట్టింది. మారిన జీవులు కూడా అంతే." వెనక బెంచీల దగ్గర చిన్నాయన లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. మెచ్చుకుంటున్నాడనుకుని ఇంకా రెచ్చిపోయాను. "తోక కూడా రాలిపోయింది, అధ్యక్షా. మనకు రాలిపోయినట్టే" అన్నాను. చప్పట్ల మధ్యలో ఎవరో తలగుడ్డ దులుపుకుని మెట్లు దిగిపోతున్న చప్పుడు వినబడింది.

గెలిచాను. పూలదండ, ఇత్తడి చెంబు ఇచ్చారు. దండతో ఇంటికి పోయేసరికి చిన్నాయన ముందే చేరి జరిగింది చెప్పేశాడు. అమ్మ చెంబు వైపు చూసి, "దేవుడు లేడని సెప్పి సెంబు తెచ్చినావా నాయనా" అంది. మజ్జిగ పోసింది. పులిసి ఉంది.

రెండు రోజులకు ఎమ్మిగనూరు నుంచి కబురు వచ్చింది. తెచ్చినవాడు మామ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు అప్పజెప్పాడు. "దేవుడు లేనోనికి పిల్లనిచ్చేది ఎట్లా అని ఆలోసన సేస్తా. సిలకను వంకాయ అన్నోనికి మాత్రం ఇచ్చేది లేదు." వారం తిరగకుండా వీధిలో నా పేరు 'కోతి గుమాస్తా' అయింది. మిల్లుకు వచ్చే బండివాళ్ళు కూడా "కోతి గుమాస్తా ఉన్నాడా" అని అడిగేవారు. అది నాకు బాధ కాలేదు. తండ్రి దగ్గర అనొద్దని నమ్మి చెప్పిన మాటను నేను మేడ ఎక్కి ఊరందరికీ వినిపించాను. ఇంట్లో ఆ అమ్మాయి గతి ఏమైందో అన్నదే నా బాధ. అన్నం దిగేది కాదు. శనివారం ఉపవాసం మంగళవారం దాకా సాగింది.

నా ముఖం చూడలేక పాయింటు వకీలుగారు ఎమ్మిగనూరు బస్సెక్కారు. మామకు నా చీటీ సంగతంతా విడమరిచి చెప్పారట. "పాయింటేమంటే, కుర్రవాడు నమ్మి మాట్లాడలేదు. నమ్మకుండానే మాట్లాడినాడు." మామ కాసేపు ఆలోచించి, "అంటే అబద్దాలోడా" అన్నాడట. వకీలుగారి జీవితంలో ఎదురు పాయింటు దొరకని కేసు అదొక్కటే అని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. ఆయన తర్వాత పొడుం పంతులుగారు వెళ్ళారు. ఆ రోజు దేవుడి తరఫున మాట్లాడిన మహానుభావుడని మామ ఆయన కాళ్ళకు మొక్కి, గుడికి తీసుకుపోయి, ఎదుట కూర్చోబెట్టి మళ్ళీ ఒకసారి ఆ ప్రసంగమంతా చెప్పించుకున్నాడు. పంతులుగారు నా సంగతి ఎత్తే సందు దొరక్క, ప్రసాదం మూటతో తిరిగొచ్చారు. "నాయనా, ఇంకొక్కసారి పోతే నేను నిజంగానే నమ్ముతానేమో, నన్ను పంపొద్దు" అన్నారు.

చివరికి అమ్మే లేచింది. నన్ను, చిన్నాయనను తీసుకుని బయల్దేరింది. "యాడికి పోయినా నోరు మాత్రం తెరవొద్దు" అని బస్సులోనే ప్రమాణం చేయించుకుంది. మామ మమ్మల్ని వాకిట్లో నిలబెట్టలేదు. అంత మాత్రం మర్యాద ఉంది. అయితే ఉగ్గాని లేదు. తలుపు చాటున గాజుల చప్పుడు ఉంది. నేను అటు చూడలేదు, చూడకుండా ఉండలేదు కూడా.

"మాపు సేయమని రాలేదా మీరు?" అన్నాడు మామ. "మాపు అక్కర్లేదు. రుజువు సూడండి. మా ఇంట్లో సిలక మారిందో లేదో మీ కండ్లతో సూసి పోండి."

లోపలికి పోయి ట్రంకు పెట్టె ఈడ్చుకొచ్చాడు. తరతరాల చీరలు అందులో దాచి ఉన్నాయి. వాటిని ఆయన కూడా ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూసినట్టు లేదు. మగ్గం గదిలో నేల మీద వరసగా పరిచాడు. ముందు బాగా పాతది, ముట్టుకుంటే చిరిగేట్టున్నది.

"ఇది మా ముత్తవ్వది. సూడు. ముక్కు, రెక్క, తోక. సిలక కాదా?"

చిలకే. దివ్యమైన చిలక. అందరం ఒప్పుకున్నాం. మామ మీసం దువ్వుకుని రెండవది పరిచాడు.

"ఇది ఆమె కోడలిది. ఇదీ సిలకే. ముక్కు రవంత అరిగింది, అంతే."

మూడవది పరిచి, కాస్త వెనక్కి జరిగి, తల పక్కకు వంచి చూశాడు. "ఇది మాయమ్మది. ఇది... సిలక తల దించుకోని ఉంది." నాలుగవది అమ్మాయి తల్లి కట్టిన ముడులతో నేసింది. దాన్ని ఆయన తలకిందులుగా తిప్పి చూశాడు. అయిదవది ఆ వారం మగ్గం మీద నుంచి దించినది. దాన్ని పరిచేసి, మొదటి దాని దగ్గరికి నడిచాడు, మళ్ళీ చివరి దాని దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ తిరిగాడు. నా జీవితంలో అంతకు ముందుగాని తర్వాతగాని ఒక మనిషి ముఖంలో అంత కష్టం చూడలేదు. నవ్వు వస్తుందనుకున్న చోట నాకు నవ్వు రాలేదు.

"ఏమ్మా," అని అమ్మను అడిగాడు, "నీకేమి కనపడతాంది?"

"సిలకేన్నా," అంది అమ్మ. "ఆకు సాటున దాక్కోనుంది."

"వంకాయ," అన్నాడు మామ. ఆ మాట ఆయనే అన్నాడు. చీరల మధ్యలో చతికిలబడ్డాడు. తల ఎత్తి నన్ను చూశాడు. "సరేప్పా. తప్పులు సేసింది మావోల్లే. ఎన్నో తప్పులు పడుంటాయి. అన్నీ నిలవలేదు కదా, ఇదొక్కటే నిలిచింది. పొయ్యేవి పోయి, ఉండేది ఉండాల అని ఏరినోడు ఒకడుండాల కదా? వాడెవుడు?"

గోడకు ఆనుకున్న అవ్వ వక్క ఉమ్మేసింది. (ఆమె చెవుడు తనకు పట్టని మాటలకే వర్తించేదని అప్పుడు తెలిసింది.) "ఎవుడేందిరా, మేమే. ఆ ముక్కు కాడ జరీ మెడకు గుచ్చుకుంటాండె. నేను కట్టినప్పుడు ముక్కు పాయె, సంతలో ఆడోల్లంతా ఆ సీరే కావాలనిరి. తోక పోగు గాజులకు తగులుకుంటాండె. అది పోయినాక ఇంకా అమ్ముడుపాయె. కట్టుకునేది మేమా, మీ ముత్తాతనా?"

మామ ముఖం తేటపడింది. "అదీ. ఆడోల్లకు బుద్ది ఉంది కదా? బుద్ది ఉన్నోల్లే ఏరినారు. అంటే పంతులుగారే గెలిచినారు."

అక్కడితో నేను తల ఊపి ఉంటే సరిపోయేది. అమ్మ నా కాలు తొక్కింది. బస్సులో చేసిన ప్రమాణం గుర్తుంది. తలుపు చాటున గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. అయినా ఒకసారి చీటీకి కట్టుబడి మాట్లాడి ఈ గతి తెచ్చుకున్నాను; ఇప్పుడు చీటీ లేకుండా నాకు తోచింది చెప్పకపోతే, ఆ తలుపు వెనక ఉన్న మనిషికి ముఖం ఎట్లా చూపించను అనిపించింది. వంకాయను వంకాయ అన్నది ఆమే గదా.

"చీరల వరకు మీరు చెప్పిందే నిజం మామా. ఏరినవాళ్ళకు బుద్ధి ఉంది. కానీ మన సీమలో కరువు కూడా ఏరుతుంది. ఆ మధ్య కరువులో పెద్ద ఒళ్ళున్న పశువులు పోయినాయి, పొట్టి గిడసవి నిలిచినాయి. ఇప్పుడు ఆలూరు బండ్లకు కట్టేవన్నీ వాటి దూడలే. అట్లా ఏరమని ఎవరూ చెప్పలేదు. కరువుకు బుద్ధి ఉందా?"

మామ చేతిలోని చీర అంచును బొటనవేలితో రాస్తూ ఉండిపోయాడు. ఆ కరువులో ఆయన మగ్గం కూడా ఆగిందని నాకు తర్వాత తెలిసింది.

"కరువుకా," అన్నాడు చివరికి. "లేదప్పా. నేను దగ్గర నుంచి సూసినా. దానికి ఏమీ లేదు." చీరను ఒళ్ళోకి లాక్కుని, "కానీ దాన్ని దాటినాం కదా. ఆ దాటించినోన్ని నేను వదల్ను" అన్నాడు.

"వదలమని నేను అనలేదు మామా."

"నువ్వు వదిల్నావా? నిజం సెప్పు. దేవుడు ఉన్నాడంటావా, లేడంటావా?"

"తెలీదు మామా. ఆ రోజు నుంచి ఎంత ఆలోచించినా తేలలేదు. శనివారం ఉపవాసం మాత్రం మానలేదు."

"తెలీకుంటే మానాల కదా. ఎందుకు మానలేదు?"

"భయం."

మామ నన్ను తేరిపార చూశాడు. మీసం కింద ఏదో కదిలింది. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. చీరల మధ్య కూర్చుని, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "బయమంట. సాలు పో. అది ఉంటే సాలు" అని తొడ చరుచుకున్నాడు. లోపల ఎవరో పొయ్యి మీద బాణలి పెట్టిన చప్పుడయింది. ఉల్లిపాయల తాలింపు వాసన వచ్చింది. బొరుగులు నానబోశారని, సంబంధం ఖాయమైందని, నోటితో ఎవరూ చెప్పకముందే మాకు అర్థమైంది. మామ ఒక్కటే షరతు పెట్టాడు. ఇంట్లో ఎట్లా అన్నా సరే, గడప దాటితే అది చిలకే. ఆ షరతును నేను ఆయన బతికినన్నాళ్ళూ పాటించాను. ఆయన పోయిన తర్వాత ఎందుకో, ఇంట్లో కూడా చిలకే అనడం అలవాటైంది.

పెళ్ళిచీర మామే నేశాడు. పెళ్ళి పీటల మీద పక్కన కూర్చున్నప్పుడు, తల వంచుకుని ఉండాలి కాబట్టి, నాకు కనబడేది ఆమె చీర అంచు ఒక్కటే. వంకాయలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్క వంకాయకూ అడుగున, పైకి మెలి తిరిగిన సన్నటి తోక ఉంది. చిలకది కాదు. చిలక తోక అట్లా మెలి తిరగదు. ఆ తోక ఎవరిదో మా ఆదోనిలో ఏ బండివాణ్ణి అడిగినా చెప్పేవాడు. మామను అడిగితే, "ముడులు కట్టింది నేనా? పెండ్లి హడావిడిలో యాడో తప్పు పడుంటుంది" అన్నాడు. ఆ చీర చూసినవాళ్ళు తోక ఉన్న అంచే కావాలని అడిగారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎమ్మిగనూరు నుంచి ఆ అంచే వచ్చింది.

కావాలని వేసిన తోకా, చేయి జారి పడిన తోకా అన్నది నేను పద్ధతిగా విచారించాను. మా ఆవిడను పండగ నాడు అడిగాను, జ్వరంలో ఉన్నప్పుడు అడిగాను, మంచి మాటల మధ్యలో అడిగాను. ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు. "ముడి తప్పింది." విచారణ ఫలితాన్ని డైరీలో రాసుకునేవాణ్ణి. చాలా డైరీల్లో ఆ ఒక్క వాక్యం తప్ప వేరే సాక్ష్యం లేదు.

మొన్న ఈ వ్యాసం కోసం ట్రంకు పెట్టె తెరిచినప్పుడు ఆ చీర బయటపడింది. మడతల దగ్గర చీకిపోయింది గాని, తోకలు మాత్రం నిలిచి ఉన్నాయి. మంచం మీద పరిచి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క తోకా చూశాను. అన్నీ ఒకే కొలత, ఒకే మెలి. ఇంక దాచి లాభం లేదని, వంటింట్లో ఉన్న ఆమెను పిలిచి చెప్పాను. ఇంత బుద్ధిగా పడిన తప్పు నేనెక్కడా చూడలేదు, ఇప్పటికైనా ఒప్పుకో, అది కావాలని చేసిందే కదా అన్నాను.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, చీర వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"తప్పు గాక?" అంది. "కావాలని ఎవురన్నా కోతిని సేసుకుంటారా?"

తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల నవ్వుతోందో లేదో గాజుల చప్పుడును బట్టి చెప్పడం ఈ వయసులో నాకు కష్టం, చెవులు మందగించాయి. ఆ రాత్రి డైరీ తెరిచి కూర్చున్నాను. ఆదివారం, మేడ గది, చేతిలో చీటీ పట్టుకుని పంతులుగారి చీటీ వైపు ఆశగా చూస్తున్న ఆ సన్నటి కుర్రవాడు కనబడ్డాడు. గెలిచి, చెంబు పట్టుకుని, తనకు అంతా తెలుసుననుకుంటున్నాడు పాపం. వాడి కోసమని, 'తేలలేదు' అని రాసి, కింద వంకాయ ఒకటి గీశాను. తోక పెట్టాను. గీసి చూసుకుంటే, చేయి జారి, కాస్త చిలకలా వచ్చింది.